భోంచేశావా అని అడిగితే ఏం చెప్పాలి: ఆటిజం ఉన్న టీనేజ్ పిల్లలకు నలుగురిలో మెలగడం నేర్పే విధానం

ఒక పెళ్లిలో పద్నాలుగేళ్ల అబ్బాయిని దూరపు బంధువు ఒకావిడ ‘‘భోంచేశావా నాన్నా?’’ అని పలకరించింది. అతను చేతి గడియారం చూసుకుని, ఒంటిగంటా పదికి మొదటి బంతిలో తిన్నాననీ, పప్పులో ఉప్పు తక్కువైందనీ, గుత్తొంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నాననీ చెప్పి, మళ్లీ ఫోన్‌లోకి తల వంచేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అడిగిన ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబిస్తే ఎందుకు నవ్వారో అతనికి అంతుపట్టక, ఇంటికి వెళ్లే దారిలో తల్లిని ఆ సంగతే నాలుగుసార్లు అడిగాడు. ఆమె చెప్పలేకపోయింది, ఎందుకంటే ఆ సంగతి ఆమెకు కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ ప్రశ్న చాలాసార్లు ఆకలి గురించి అడిగేది కాదనీ, ‘‘నిన్ను చూశాను, బాగున్నావా’’ అని చెప్పే ఒక పద్ధతనీ మనకు ఊహ తెలిసేనాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలకు సామాజిక నైపుణ్యాలు నేర్పడమంటే, మనకు తెలియకుండానే ఒంటబట్టిన ఇలాంటి లెక్కలను బయటికి తీసి, వాటి కారణంతో సహా మాటల్లో పెట్టి చెప్పడం.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసులో ఉండి, వాక్యాల్లో మాట్లాడగలిగే పిల్లల తల్లిదండ్రుల కోసం, వారి ఉపాధ్యాయుల కోసం. మాట రాని పిల్లల విషయం చివరిలో విడిగా ప్రస్తావించాను.

ముందుగా లక్ష్యం సరిచూసుకోవాలి

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను. పదమూడేళ్ల అబ్బాయి ఒకరికి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలని ఆరు నెలలపాటు నేర్పాను. చూసినప్పుడల్లా ఒక స్టార్ ఇచ్చేదాన్ని, పది స్టార్లకు ఒక చాక్లెట్. అతను శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఒకరోజు బస్టాపులో నిల్చున్న కాలేజీ అమ్మాయి కళ్లలోకి రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆమె బెదిరిపోయింది, పక్కనున్న ఇద్దరు మగవాళ్లు అతని కాలరు పట్టుకున్నారు. అతను నేను నేర్పినది నేర్పినట్టే చేశాడు. ఎవరిని చూడాలి, ఎంతసేపు చూడాలి, చూపు ఎప్పుడు తిప్పుకోవాలి అన్నది నేను నేర్పలేదు. అంతకంటే పెద్ద తప్పు, కళ్లలోకి చూస్తున్నంతసేపూ ఎదుటివాళ్ల మాట తన చెవికెక్కడం లేదని అతను ఒకసారి నాతో చెప్పినా పట్టించుకోకపోవడం.

ఆ తర్వాత ఎవరికీ కళ్లలోకి చూడమని చెప్పలేదు. ఒళ్లు ఎదుటివారి వైపు తిప్పి ఉంచితే చాలు, వీలైతే అప్పుడప్పుడూ ముఖం వైపు ఒకసారి చూస్తే మంచిది. అది కూడా కష్టమైన పిల్లలకు ‘‘కిందికి చూస్తున్నా గానీ వింటున్నాను, చెప్పు’’ అనే ఒక్క వాక్యం నేర్పితే పని జరిగిపోతుంది.

1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని వివరించిన నాటి నుంచి చాలా దశాబ్దాలపాటు, లోపమంతా ఆ పిల్లల్లోనే ఉందనీ, వారిని మిగతావారిలా కనిపించేట్టు దిద్దితే సరిపోతుందనీ ఎక్కువమంది నమ్ముతూ వచ్చారు. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఈ ఆలోచనను ప్రశ్నిస్తూ, అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు నుంచే కాదు, ఆటిజం లేనివాళ్లు కూడా ఆటిజం ఉన్నవాళ్లను అంతే అర్థం చేసుకోలేకపోతున్నారు అని రాశారు. 2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది మందిని వరుసగా పెట్టి, మనం చిన్నప్పుడు ఆడిన చెవిలో చెప్పే ఆటలాగా ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చేరవేయించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరుసల్లో కథ, ఆటిజం లేనివాళ్ల వరుసల్లో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరుసల్లోనే ఎక్కువగా చెదిరిపోయింది. తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని ఎందుకంటానంటే, మీరు నేర్పబోయేది లోపానికి మందు కాదు, పరాయి ఊళ్లో బతకడానికి కావలసిన భాష లాంటిది. ఆ భాష నేర్చుకున్నవాడు సొంత భాష మరచిపోనక్కర్లేదు.

మరచిపొమ్మంటే ఏమవుతుందో కూడా చూశాం. చేతులు ఊపడం ఆపుకుని, నవ్వు రాకపోయినా నవ్వి, పక్కవాళ్లను చూసి ప్రతి కదలికనూ అనుకరిస్తూ బడిలో రోజంతా గడిపిన పిల్లలు ఇంటికి రాగానే కుప్పకూలుతారు. ఇలా దాచుకుని బతకడానికీ, ఆందోళనకూ, కుంగుబాటుకూ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. ముఖ్యంగా ఆడపిల్లలు ఈ దాపరికంలో ఎంత నేర్పరులవుతారంటే, ‘‘మా అమ్మాయి నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు’’ అని అందరూ మెచ్చుకుంటూ ఉండగానే ఆటిజం గుర్తింపు ఏళ్ల తరబడి ఆలస్యమవుతుంది.

కాబట్టి మొదటి పని, నీకు ఏం కావాలి అని బిడ్డనే అడగడం. కొందరికి ఒక్క స్నేహితుడు కావాలి. కొందరికి ఇంటర్వెల్‌లో ఎవరూ ఏడిపించకుండా ఉంటే చాలు. కొందరికి గ్రూప్ ప్రాజెక్టులో తన మాట వినిపించాలి. మీకేమో అతను పెళ్లిళ్లలో బంధువులకు నమస్కారం పెట్టాలని ఉండవచ్చు. మీ కోరిక రెండో వరుసలో నిలబడాలి. అతనికి కావలసింది మొదట నేర్పితే, మీకు కావలసింది నేర్చుకోవడానికి ఓపిక వస్తుంది.

నేర్పే పద్ధతి

చిన్నప్పుడు స్నేహాలను తల్లులు కుదురుస్తారు. ఇద్దరు పిల్లలను ఒక బొమ్మ ముందు కూర్చోబెడితే ఆట సాగిపోతుంది. ఏడు, ఎనిమిది తరగతులు వచ్చేసరికి ఆట స్థానంలోకి కబుర్లు, ఎకసెక్కాలు, సగం మాటలు, గుంపులు వచ్చేస్తాయి. పదో తరగతి దాటి ఇంటర్‌లో హాస్టల్ కాలేజీకి పంపితే, తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్ల మధ్య ఒక గదిలో నలుగురైదుగురితో సర్దుకోవలసి వస్తుంది. అందుకే ఈ నేర్పుడు ఏడో తరగతిలో మొదలుపెడితే మంచిది, ఇంటర్ అడ్మిషన్ రోజున మొదలుపెడితే ఆలస్యమే.

లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ రూపొందించిన పీర్స్ అనే శిక్షణ ఈ వయసు పిల్లల విషయంలో బాగా పరీక్షకు నిలిచిన వాటిలో ఒకటి. వారానికొకసారి తొంభై నిమిషాల క్లాసు. పిల్లలు ఒక గదిలో ఉంటే, అదే సమయంలో తల్లిదండ్రులు పక్క గదిలో అదే పాఠం నేర్చుకుంటారు, ఎందుకంటే మిగతా ఆరు రోజులూ పిల్లలతో సాధన చేయించేది వాళ్లే. ఇందులో నాకు నచ్చిన విషయం మరొకటి ఉంది. పెద్దవాళ్లు ఏది మర్యాద అనుకుంటారో దాన్ని కాక, ఆ వయసులో నలుగురితో కలిసిపోయే పిల్లలు నిజంగా ఏం చేస్తారో గమనించి దాన్నే నేర్పుతారు. ఈ రెండూ ఏ శిక్షణా కేంద్రమూ లేని ఊళ్లో కూడా పాటించవచ్చు.

ఇంట్లో నేను సూచించే క్రమం ఇది. ఒక నైపుణ్యాన్ని ఎంచుకుని, దాని నియమాన్ని, ఎందుకు అన్న కారణాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. తర్వాత మీరూ ఇంకొకరూ కలిసి దాన్ని కావాలనే తప్పుగా చేసి చూపించండి. తండ్రి ఫోన్ చూస్తుంటే తల్లి ఆగకుండా సీరియల్ కథ చెప్పుకుపోవడం లాంటిది. పిల్లలు ఇది చూసి నవ్వుతారు, తప్పు తమది కానందువల్ల దాన్ని ధైర్యంగా ఎత్తి చూపుతారు. అప్పుడు ‘‘నాన్నకు ఎలా అనిపించి ఉంటుంది?’’ అని అడిగి, అదే సన్నివేశాన్ని సరిగా చేసి చూపించి, తర్వాత అతనితో చేయించండి. ఇంట్లో వారం రోజులు, ఆ తర్వాత చనువున్న ఒక బంధువుతో, ఆ తర్వాతే బయట. బయట చేసి వచ్చిన రోజు రాత్రి పది నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోవాలి. ఆ పది నిమిషాల్లో తప్పులు వెతికితే మర్నాటి నుంచి అతను ఏమీ చెప్పడు. రెండు మూడు వారాలకు ఒక నైపుణ్యం, అంతకంటే వద్దు.

మాట ఇచ్చిపుచ్చుకోవడం

నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయికి రైళ్లంటే ప్రాణం. ఎవరు కనిపించినా ‘‘గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం నుంచి వెళ్లేటప్పుడు 12727, హైదరాబాద్ నుంచి తిరిగొచ్చేటప్పుడు 12728’’ అని మొదలుపెట్టి ఆగిన ప్రతి స్టేషనూ చెప్పుకుపోయేవాడు. రైళ్ల గురించి మాట్లాడొద్దు అని ఇంట్లో కట్టడి చేశారు. దాంతో అతను ఉపన్యాసం మానేసి విచారణకు దిగాడు. పిన్ని కొడుకు ‘‘మొన్న మేం తిరుపతి వెళ్లాం’’ అనగానే ఏ ట్రైను, నంబరెంత, ఏ కోచ్, ఎన్ని నిమిషాలు లేటు అని పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడిగాడు. ఉపన్యాసమైనా విచారణైనా రెండిట్లోనూ ఎదుటివాడికి చోటు లేదు.

మేం చేసిన పని చింతపిక్కలతో. మధ్యలో ఒక గిన్నె పెట్టి, ఇద్దరికీ చెరో ఇరవై పిక్కలు ఇచ్చి, ఒక వాక్యం మాట్లాడిన ప్రతిసారీ ఒక పిక్క గిన్నెలో వేయాలన్నాం. వరుసగా మూడు పిక్కలు వేసినవాడు ఇక ఆగి, ఎదుటివాడిని ఒక ప్రశ్న అడగాలి. వచ్చిన జవాబు మీద ఒక మాట అన్న తర్వాతే మళ్లీ తన సంగతి చెప్పుకోవచ్చు. మాటల్లో వంతు అన్నది కంటికి కనిపించేసరికి అతనికి లెక్క దొరికింది. అయిదో వారంలో అదే పిన్ని కొడుకుతో జరిగిన సంభాషణ నేను రాసిపెట్టుకున్నాను.

‘‘తిరుపతిలో దర్శనం ఎంతసేపు పట్టింది?’’

‘‘ఆరు గంటలు. కాళ్లు పడిపోయాయి.’’

‘‘అయ్యో. నేనైతే అంతసేపు క్యూలో నిలబడలేను. నీకు విసుగు రాలేదా?’’

‘‘వచ్చింది. తమ్ముడు ఏడుపు ఒకటి.’’

‘‘మీరు ట్రైన్లో వెళ్లారా?’’

చివరి ప్రశ్న దగ్గర అతని ముఖం వెలిగిపోయింది. రైలు మళ్లీ వచ్చింది, కానీ ఈసారి తోసుకుని రాలేదు. ఇష్టమైన విషయాన్ని నిషేధించవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆటిజం ఉన్న పిల్లలకు స్నేహం కుదిరేది సాధారణంగా ఆ విషయం దగ్గరే. చదరంగం, క్రికెట్ గణాంకాలు, బొమ్మలు గీయడం, కోడింగ్, పక్షులు, ఏదైనా సరే, అదే ఇష్టమున్న ఇంకొకరిని వెతకడం మన పని.

మన మాటల వెనకున్న అర్థాలు

ఇంగ్లీషులో రాసిన శిక్షణ పుస్తకాలు మనకు పూర్తిగా చాలవు, ఎందుకంటే తెలుగువాళ్లు అనేదానికీ అనుకునేదానికీ మధ్య దూరం మరోలా ఉంటుంది. ఒక నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు విన్న మాట, కుడివైపు దాని అసలు అర్థం రాయించండి. ‘‘భోంచేశావా?’’కు ఎదురుగా ‘‘పలకరింపు, అయ్యిందండీ, మీదయ్యిందా అంటే చాలు’’. ‘‘ఏంటి, ఇలా వచ్చావు?’’ అన్నది నిలదీయడం కాదు. ‘‘చూద్దాంలే’’ అంటే చాలాసార్లు కాదనే. ‘‘ఒకసారి మా ఇంటికి రా’’ అన్నప్పుడు రోజూ వేళా చెబితే అది పిలుపు, చెప్పకపోతే మర్యాద. ఈ చివరి నియమం తెలియక, మర్నాడే ఉదయం ఏడింటికి క్లాస్‌మేట్ ఇంటి బెల్లు కొట్టిన పిల్లవాడు నాకు తెలుసు. బయల్దేరేటప్పుడు ‘‘వెళ్తున్నాను’’ బదులు ‘‘వెళ్లొస్తాను’’ అనాలన్నది చిన్న విషయమే గానీ, పెద్దవాళ్లు దాన్ని పట్టించుకుంటారని కారణంతో సహా చెబితే పిల్లలు ఇష్టంగానే పాటిస్తారు.

విందులో ‘‘ఇంకొంచెం వేసుకో’’ అన్నది ప్రత్యేకంగా నేర్పాలి. ఒకసారి వద్దన్న తర్వాత కూడా వడ్డిస్తే, తన మాటను లెక్కచేయలేదని ఈ పిల్లలకు కోపం తన్నుకొస్తుంది, వాళ్ల కోణం నుంచి చూస్తే అందులో తప్పు లేదు. మనవాళ్లు మొదటి ‘వద్దు’ను మొహమాటంగా లెక్కిస్తారని చెప్పి, విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి ‘‘చాలండీ, నిండిపోయింది’’ అనడం సాధన చేయించండి. చేతి సైగ మాటకంటే గట్టిగా పనిచేస్తుంది.

మీరు, నువ్వుల సంగతి ఇంకా చిక్కు. కొందరు పిల్లలు టీచరును నువ్వంటారు. మరికొందరు పుస్తకం భాషకు అలవాటుపడి తోటి కుర్రాడిని ‘‘మీరు ఎక్కడ నివసిస్తున్నారు?’’ అని అడిగి నవ్వులపాలవుతారు. ఒకే నియమం అందరికీ సరిపోదు. తెలంగాణలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లను నువ్వనడం చనువే గానీ అమర్యాద కాదు. అందువల్ల నేను చెప్పేది ఇదీ: టీచర్లకూ, కొత్తవాళ్లలో పెద్దవాళ్లకూ మీరు, తోటి పిల్లలకు నువ్వు, ఇంట్లోవాళ్లకు ఇప్పుడు ఎలా అంటున్నావో అలాగే, సందేహం వస్తే మీరు. ఆటో అతన్నీ, కండక్టర్నీ ‘అన్నా’ అనడం సరిపోతుంది.

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఆటిజం అని తెలియగానే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఈ సలహా మరీ ఎక్కువగా అందుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. తాతయ్య, అమ్మమ్మ, పెదనాన్న పిల్లలు అంతా తెలుగులో మాట్లాడుకునే ఇంట్లో బిడ్డకు తెలుగు రాకుండా చేయడం, సాధన చేసుకోవడానికి ఉన్న సొంత మనుషులను దూరం చేయడమే.

ముందుగా తెలియని సందర్భాలకు చిన్న కథ రాసి చదివించడం బాగా ఉపయోగపడుతుంది. అమెరికన్ ఉపాధ్యాయురాలు కరోల్ గ్రే 1990ల మొదట్లో తెచ్చిన ఈ పద్ధతిలో కీలకం ఏమిటంటే, ఇలా చెయ్యి అని ఆదేశించే వాక్యాలకంటే అక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో వివరించే వాక్యాలు ఎక్కువగా ఉండాలి. మొదట చెప్పిన అబ్బాయికి తర్వాతి పెళ్లికి ముందు అతని తల్లి రాసినది ఇది:

‘‘శనివారం మేం మావయ్య కొడుకు పెళ్లికి వెళ్తాం. అక్కడ చాలామంది ఉంటారు. ముహూర్తం వేళ గట్టిమేళం మోగుతుంది, అది చాలా పెద్ద శబ్దం, కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. చాలామంది నన్ను ఏం చదువుతున్నావు అని అడుగుతారు. నాతో మాట కలపాలని అడుగుతారు. ఒకే ప్రశ్న అందరూ అడిగితే నాకు విసుగు రావచ్చు. తొమ్మిదో తరగతి అండీ అని చెబితే సరిపోతుంది. శబ్దం భరించలేకపోతే నేను నాన్న చెయ్యి రెండుసార్లు నొక్కి కారు దగ్గరికి వెళ్లవచ్చు.’’

ఆ చివరి వాక్యం లేకుండా ఏ కథా రాయకండి. బయటపడే దారి ఉందని తెలిసినవాడే లోపల కాసేపు నిలబడగలడు.

గుంపులో చేరడం, ఇంటికి పిలవడం

నలుగురు మాట్లాడుకుంటున్న చోటికి నేరుగా వెళ్లి ‘‘నన్ను కూడా కలుపుకోండి’’ అనమని పెద్దవాళ్లు చెబుతుంటారు. ఎనిమిదో తరగతిలో ఎవరూ అలా చేరరు. నిజంగా చేరే పిల్లలు ముందు కాస్త దూరంలో ఏదో పనిలో ఉన్నట్టు నిలబడి, వాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారో వింటారు. తమకు ఆ విషయం తెలిసినదైతే దగ్గరికి జరుగుతారు, మాట మధ్యలో చిన్న ఖాళీ దొరికినప్పుడు అదే విషయం మీద ఒక చిన్న మాట అంటారు. ఆ తర్వాత చూడాలి: వాళ్లు తమ వైపు తిరిగి జాగా ఇచ్చారా, జవాబిచ్చారా, లేక భుజాలు మూసేశారా? మూసేస్తే నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలి, ఎందుకని అడగకూడదు. ఇలా తప్పుకోవలసి రావడం అందరికీ తరచూ జరిగేదేననీ, అది తన ఒక్కడి మీద తీర్పు కాదనీ పిల్లలకు ముందే చెప్పాలి. మీ సొంత అనుభవం ఒకటి చెబితే ఇంకా మంచిది.

స్నేహితుడిని మొదటిసారి ఇంటికి పిలిచినప్పుడు రెండు గంటలు దాటనివ్వకండి. ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి, క్యారమ్స్ కావచ్చు, వీడియో గేమ్ కావచ్చు. వచ్చినవాడు ఏ ఆట కోరితే అది ఆడాలి, ఆట మధ్యలో అతన్ని వదిలేసి తన గదిలోకి వెళ్లకూడదు, ఓడిపోతే ‘‘బాగా ఆడావు’’ అనాలి. పంచుకోవడం ఇష్టంలేని వస్తువులను ముందే బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇది మోసం కాదు, గొడవ రాకుండా చూసుకోవడం. మీరు పకోడీలు ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోవాలి. వెళ్లే వేళకు వచ్చినవాడిని గుమ్మం దాకా సాగనంపించండి.

ఏడిపించేవాళ్లతో

‘‘పట్టించుకోకు’’, ‘‘టీచరుకు చెప్పు’’ అన్నవి మనం తరతరాలుగా ఇస్తున్న సలహాలు. మాటలతో ఏడిపించే విషయంలో రెండూ పెద్దగా పనిచేయవు. మొదటిది పాటిస్తే ఎదుటివాడు ఇంకా రెచ్చిపోతాడు, రెండోది పాటిస్తే చాడీలకోరు అన్న పేరొస్తుంది. ఏడిపించడంలో ఉన్న సరదా అంతా అవతలివాడు ఉడుక్కోవడంలోనే ఉంది గనుక, ఉడుక్కోలేదని చూపించే పొట్టి మాట ఒకటి ఉండాలి. ‘‘అయితే ఏంటి?’’, ‘‘ఓహో, ఇది జోకా?’’, ‘‘సరేలే’’ లాంటి మాటల్లో రెండింటిని ఎంచుకుని, విసుగు గొంతుతో అని చూపు తిప్పుకుని పక్కకు కదలడం ఇంట్లో యాభైసార్లు ఆడించండి. గొంతు ముఖ్యం. ఏడుపు గొంతుతో ‘‘అయితే ఏంటి’’ అంటే పని చెడుతుంది. ఎదురు తిట్టడం, వాళ్ల ఇంట్లోవాళ్లను అనడం వద్దు.

కొట్టడం, వస్తువులు లాక్కోవడం, బాత్రూములో అడ్డగించడం, ఫొటోలు తీసి తిప్పడం వేరే సంగతి. వీటికి పొట్టి మాటలు మందు కావు, అదే రోజు పెద్దవాళ్లకు చెప్పి తీరాలి. బడి యాజమాన్యం పిల్లలన్నాక ఇవి మామూలేనంటే, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. వివక్ష లేని చదువు ఆ చట్టం ఇచ్చిన హక్కు.

ఫోను, ఒళ్లు, వద్దనడం

వాట్సాప్‌లో నియమం సులువు: జవాబు రాకుండా వరుసగా రెండు మెసేజ్‌లు దాటకూడదు. నలభై మెసేజ్‌లు పంపి, ఎందుకు జవాబివ్వలేదని నలభై ఒకటోది పంపడం వల్ల తెగిపోయిన స్నేహాలు చాలా ఉన్నాయి. ఓటీపీ, డబ్బు, తన ఫొటోలు ఎంత దగ్గర స్నేహితుడు అడిగినా ముందు ఇంట్లో చెప్పకుండా ఇవ్వకూడదు. స్నేహం కోసం ఆకలిగా ఉన్న పిల్లలను వాడుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ‘‘ఇది చేస్తేనే నీతో మాట్లాడతాను’’ అన్నవాడు స్నేహితుడు కాదన్నది ఆ నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాయించవలసిన వాక్యం.

నేను నేర్పే నైపుణ్యాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది వద్దు అనడం. ఏళ్ల తరబడి థెరపీలో చెప్పింది చెప్పినట్టు చేయడానికి అలవాటుపడిన బిడ్డకు, చేయకూడని పని చేయమన్న పెద్దవాడికి ఎదురు చెప్పవచ్చని తెలియదు. అందుకే ఇంట్లోనే అతని ‘వద్దు’కు విలువ ఇవ్వాలి. అత్తయ్య ముద్దు పెట్టుకోబోతే, ఇష్టం లేకపోతే నమస్కారంతో సరిపెట్టుకోనివ్వండి. ఎవరెవరు ఎంత దగ్గరికి రావచ్చు, ఎవరు ఎక్కడ తాకవచ్చు, డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఎవరుండాలి అన్నది బొమ్మ గీసి, శరీర భాగాల పేర్లు సంకోచం లేకుండా పలుకుతూ చెప్పాలి.

దీని రెండోవైపు కూడా అంతే సూటిగా చెప్పాలి. క్లాసులో ఒకమ్మాయి నచ్చితే తప్పు లేదు, కానీ ఆమె వెనకే నడవడం, ఆమె ఇంటి ముందు నిల్చోవడం ఆమెకు భయం పుట్టిస్తుంది. ఒకసారి వద్దంటే అది చివరి మాట. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) ఇష్టపూర్వకమన్న మాటను లెక్కలోకి తీసుకోదని కూడా చెప్పండి. సినిమాల్లో హీరో వెంటపడి ఒప్పించడం చూసి, అదే పద్ధతి అనుకునే పిల్లలకు అది కథ మాత్రమేనని ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి.

అలసట, మాట రాని పిల్లలు, మీరు వెనక్కి జరగడం

నేర్చుకున్నవి ఏవీ అలసిపోయినప్పుడు గుర్తుకు రావు. ట్యూబులైటు మిణుకు, మిక్సీ శబ్దం, బిగుతైన బట్టలు, నిద్రలేమి, వీటిలో ఏదైనా తల నిండిపోయేలా చేస్తే, నిన్నటిదాకా చక్కగా మాట్లాడినవాడు ఇవాళ అరుస్తాడు లేదా మూగబోతాడు. అది మొండితనం కాదు గనుక ఆ క్షణంలో పాఠం చెప్పకండి. ట్యూషన్ నుంచి రాగానే అరగంట ఎవరూ పలకరించకుండా వదిలేయడం చాలా ఇళ్లలో మంచి ఫలితమిచ్చింది. తిండి, నిద్ర మారిపోయి, చచ్చిపోతే బాగుండు లాంటి మాట వినబడితే మాత్రం నైపుణ్యాల సంగతి పక్కనపెట్టి సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మాట రాని పిల్లలకు కూడా చెప్పుకోవలసిన సంగతులు చాలా ఉంటాయి. ఐఐటీ బొంబాయి వారు తయారు చేసిన జెల్లో అనే, బొమ్మ నొక్కితే మాట పలికే ఉచిత యాప్ లాంటివి గానీ, చేత్తో గీసిన బొమ్మల పుస్తకం గానీ ఇచ్చి, తిండి, బాత్రూము బొమ్మలతో ఆపకుండా ‘‘వద్దు’’, ‘‘ఆగు’’, ‘‘నవ్వొచ్చింది’’, ‘‘నువ్వు చెప్పు’’ అన్నవీ అందులో చేర్చండి. అంచనా కోసం, బోధన సలహా కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్లవచ్చు.

తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైన పని ఆఖరున ఉంటుంది. మొదట్లో మీరు పక్కన కూర్చుని చెవిలో మాట అందిస్తారు. నెల తర్వాత సైగ మాత్రమే చేయాలి. ఆ తర్వాత అదే గదిలో దూరంగా కూర్చోవాలి, ఆ తర్వాత గది బయట. రైళ్ల అబ్బాయికి ఒక సాయంత్రం క్లాస్‌మేట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు అతని తల్లి అలవాటుగా దగ్గరికి వెళ్లి నిలబడింది. అతను అరచేత్తో ఫోను మూసి, ‘‘అమ్మా, నువ్వు వంటింట్లోకి వెళ్లు, మేం మాట్లాడుకుంటున్నాం’’ అన్నాడు. ఆమె వెళ్లి, కుళాయి విప్పి, కడగనవసరం లేని గిన్నెలు కడుగుతూ నిలబడిందట.